మ్యూజ్‌స్కోర్ స్టూడియోలో వయొలిన్ హార్మోనిక్స్: చూడ్డానికి బాగుంది, వినడానికే కష్టం

వయొలిన్లకు, చెల్లోలకు హార్మోనిక్స్ రాయడానికి ఉచితంగా దొరికే నొటేషన్ సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ సరిపోతుందా, లేక డబ్బు పెట్టి డోరికో కొనుక్కోవాలా? సినిమా పాటలకు, బ్యాక్‌గ్రౌండ్ స్కోర్లకు స్ట్రింగ్ పార్ట్స్ రాసే కుర్ర అరేంజర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. అందుకే మిగతా ఫీచర్ల జోలికి పోకుండా ఈ ఒక్క పని మీదే రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, ప్రింట్ తీసి స్టాండ్ మీద పెట్టే పార్ట్ వరకైతే మ్యూజ్‌స్కోర్ ఏ ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కూ తీసిపోదు. ప్లే బటన్ నొక్కితే మాత్రం వినిపించేది మీరు అనుకున్న స్వరం కాదు, దాన్ని సరిచేసుకునే బాధ్యత మీదే.

ఎందుకలా అంటే హార్మోనిక్స్‌లో కాగితం మీద కనిపించేది ఒకటి, చెవికి వినిపించేది ఇంకొకటి. వేలితో తీగను గట్టిగా నొక్కకుండా సరిగ్గా సగంలోనో, మూడో వంతులోనో, నాలుగో వంతులోనో ఊరికే తాకి కమాను లాగితే తీగ ముక్కలుగా కంపించి పై స్థాయిలో పలచగా, ఈల లాంటి నాదం వస్తుంది. తెరిచిన తీగ మీద తాకితే నేచురల్ హార్మోనిక్. మొదటి వేలితో ఒక స్వరం గట్టిగా నొక్కి, అక్కడి నుంచి నాలుగో వేలితో పైన తాకితే ఆర్టిఫిషియల్ హార్మోనిక్. మన సంగీతం నేర్చుకున్నవాళ్ళకు లెక్క చాలా తేలిక. నొక్కిన స్వరాన్ని షడ్జం అనుకోండి. శుద్ధ మధ్యమం దగ్గర తాకితే రెండు స్థాయిల పైన షడ్జమే పలుకుతుంది. పంచమం దగ్గర తాకితే పై స్థాయి పంచమం, అంతర గాంధారం దగ్గర తాకితే రెండు స్థాయిల పైన అంతర గాంధారం. సాధారణ గాంధారం దగ్గర తాకితే రెండు స్థాయిల పైన పంచమం, కాకపోతే అది పలికించడం కష్టం, గట్టి చెయ్యి ఉండాలి. రోజూ వాడేది మొదటిదే, మధ్యమం దగ్గర తాకేది. వయొలిన్ జి తీగ మీద ఏ నొక్కి డి దగ్గర తాకితే, నొక్కిన ఏ 220 హెర్ట్జ్, పలికే ఏ 880 హెర్ట్జ్.

దీన్ని రాసే పద్ధతి ఇది: నొక్కిన స్వరం మామూలు నోట్‌హెడ్‌తో (స్వరానికి వేసే గుండ్రటి తలతో), దాని పైన తాకే చోటు డైమండ్ ఆకారంలో. కావాలంటే పలికే స్వరాన్ని ఇంకా పైన చిన్న నోట్‌హెడ్‌గా, బ్రాకెట్లలో పెడతారు. డైమండ్ ఎప్పుడూ ఖాళీగానే ఉండాలి, అది క్వార్టర్ నోట్ అయినా సరే ఎయిత్ నోట్ అయినా సరే. కాలవ్యవధి చెప్పేది కింద నొక్కిన స్వరం మాత్రమే. వాయించేవాళ్ళకు ఇందులో కావలసింది వేళ్ళు ఎక్కడ పెట్టాలన్నదే, రాసేవాళ్ళకు కావలసింది ఏం వినిపిస్తుందన్నది. మంచి సాఫ్ట్‌వేర్ అంటే రెండూ తెలిసినది అని నా అభిప్రాయం, ఈ రివ్యూ అంతా ఆ కొలబద్దతోనే.

ఇక మ్యూజ్‌స్కోర్ దగ్గరికి వద్దాం. 2022 డిసెంబర్‌లో 4వ వెర్షన్ వచ్చాక ఈ సాఫ్ట్‌వేర్ రూపురేఖలే మారిపోయాయి. లీలాండ్ అనే కొత్త ఫాంట్ అంతకుముందే 3.6తో వచ్చింది. పాతకాలపు స్కోర్ అనే ప్రోగ్రామ్ రాసిన లీలాండ్ స్మిత్ పేరు దానికి పెట్టారు. డైమండ్ నోట్‌హెడ్ ఇందులో చాలా అందంగా ఉంటుంది, అంచులు పదునుగా, గీత సరైన మందంతో, చిన్న సైజు పార్ట్‌లో కూడా మూసుకుపోకుండా. హార్మోనిక్స్ నిండిన పేజీలో ఇది చిన్న విషయం కాదు. స్టాండ్ మీద కాగితం ఇద్దరికొకటి ఉన్నప్పుడు, లైటు అంతంతమాత్రంగా ఉన్నప్పుడు, ఖాళీ డైమండ్‌కూ నిండిన నోట్‌హెడ్‌కూ తేడా దూరం నుంచే తెలియాలి.

హార్మోనిక్ కోసం ఇందులో ప్రత్యేకంగా ఒక బటన్ అంటూ లేదు. ముందు నొక్కిన స్వరం రాయాలి, దాని మీద ఫోర్త్ ఇంటర్వల్ (పైన చెప్పిన మధ్యమం దూరం) చేర్చాలి, పై స్వరాన్ని ఎంచుకుని నోట్‌హెడ్ల ప్యాలెట్‌లో డైమండ్ క్లిక్ చేయాలి. హాఫ్ నోట్ అయితే దాని తల ఎలాగూ ఖాళీయే కాబట్టి అంతటితో అయిపోయింది. క్వార్టర్ నోట్ అయితే డైమండ్ నల్లగా నిండిపోయి వస్తుంది, ఎందుకంటే ప్రోగ్రామ్ దృష్టిలో అది కూడా ఒక మామూలు స్వరమే, నోట్‌హెడ్ ఆకారం మాత్రమే మారింది. అప్పుడు ప్రాపర్టీస్ ప్యానెల్‌లో హెడ్ విభాగం తెరిచి, కనిపించే వ్యవధిని మార్చే ఆప్షన్ ఉంటుంది, అందులో హాఫ్ నోట్ ఎంచుకోవాలి. డైమండ్ ఖాళీ అవుతుంది, కింద స్వరం నల్లగానే ఉంటుంది, స్టెమ్ (నోట్‌హెడ్‌కు ఉండే నిలువు గీత) ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. ఈ ఆప్షన్ ఎక్కడుందో తెలియకే చాలామంది నల్ల డైమండ్లతోనే పార్ట్స్ పంపేస్తుంటారు. ఒక్కొక్కటీ మార్చక్కర్లేదు. ఒక డైమండ్ ఎంచుకుని రైట్ క్లిక్ చేస్తే అలాంటివన్నీ ఒకేసారి ఎంచుకునే దారి ఉంది, అన్నిటికీ కలిపి ఒకేసారి మార్చుకోవచ్చు.

ఇక్కడ ఒక చోట మాత్రం కళ్ళు పెట్టుకుని చూడాలి. ఫోర్త్ ఇంటర్వల్ చేర్చమంటే మ్యూజ్‌స్కోర్ ఆ కీ సిగ్నేచర్‌లో (అంటే పీస్ రాసిన స్కేల్‌లో) ఉన్న ఫోర్త్ చేరుస్తుంది, కచ్చితమైన పర్ఫెక్ట్ ఫోర్త్ కాదు. సి మేజర్‌లో ఎఫ్ నొక్కిన స్వరం అయితే పైన వచ్చేది బి నేచురల్. మనకు కావలసింది బి ఫ్లాట్. ఎఫ్ నొక్కి బి నేచురల్ దగ్గర తాకితే మీరు అనుకున్న నాదం రాదు, అసలు నాదమే సరిగ్గా పుట్టదు, కమాను గీకిన శబ్దం మిగులుతుంది. డైమండ్ మీద ఫ్లాట్ గుర్తు లేకపోతే వాయించేవాళ్ళు అనుభవంతో సరిచేసుకుంటారు నిజమే, కానీ సరిచేసుకోవడానికి వాళ్ళు ఆగి ఆలోచించే ఆ క్షణమే మనం రాతలో తప్పించాల్సింది. కాబట్టి హార్మోనిక్స్ ఉన్న ప్రతి చోటా నొక్కిన స్వరానికీ డైమండ్‌కూ మధ్య అయిదు సెమిటోన్లు ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి. ట్రాన్స్‌పోజ్ చేశాక మళ్ళీ చూడండి, ముఖ్యంగా కీ లోపలే జరిపే డయాటోనిక్ ట్రాన్స్‌పోజ్ వాడితే.

ఇప్పుడు ప్లే చేద్దాం. పైన చెప్పిన ఉదాహరణలో ఏ, డి రెండూ మామూలు స్వరాలుగా కలిసి వినిపిస్తాయి, అంటే రెండు తీగలు కలిపి వాయించే డబుల్ స్టాప్ లాగా. ఎక్కడో ఆకాశంలో తేలాల్సిన 880 హెర్ట్జ్ స్వరం ఉండదు, కింద స్థాయిలో బరువైన ఫోర్త్ మాత్రం ఉంటుంది. డెమో వినే డైరెక్టర్‌కు ఇది హార్మోనిక్ అని చెప్పినా అర్థం కాదు, చెప్పాల్సిన అవసరం రాకూడదు కూడా. దీనికి పరిష్కారం ఉంది, కాస్త శ్రమ పడాలి. నొక్కిన స్వరాన్నీ డైమండ్‌నూ ఎంచుకుని ప్రాపర్టీస్‌లో ప్లే టిక్ తీసేయండి. పలికే స్వరాన్ని విడిగా రాయండి. చాలామంది దాన్ని అదే కార్డ్‌లో మూడో స్వరంగా పెట్టేస్తారు, అప్పుడు స్టెమ్ రెండు స్థాయిల పొడవున సాగిపోయి, బీమ్‌లు ఎక్కడికో పోయి బార్ అంతా చెదిరిపోతుంది. అలా కాకుండా మూడో వాయిస్‌లో (అదే స్టాఫ్‌లో విడిగా నడిచే ఇంకో స్వరాల వరసలో) రాయండి, నారింజ రంగులో కనిపించేది. దాన్ని ఎంచుకుని వి కీ నొక్కితే ప్రింట్‌లో కనిపించదు, కానీ ప్లే అవుతుంది. ఆ వాయిస్‌లో వచ్చే రెస్ట్‌లను కూడా అలాగే దాచేయాలి, అది మర్చిపోవద్దు. బ్రాకెట్లలో చిన్న స్వరంగా చూపించాలనుకుంటే దాచకుండా సైజు తగ్గించి, స్టెమ్ తీసేసి, ప్యాలెట్ నుంచి బ్రాకెట్లు పెట్టుకోవచ్చు. సోలో పార్ట్‌కు, కష్టమైన ప్యాసేజ్‌కు నేను అలా చూపించడమే మంచిదంటాను. సెక్షన్ అంతా కలిసి పట్టుకునే పొడవాటి స్వరాలకు అవసరం లేదు, కాగితం ఊరికే నిండిపోతుంది.

ఇలా చేశాక ప్లేబ్యాక్‌లో సరైన స్వరమే వినిపిస్తుంది. నాదం మాత్రం మామూలు వయొలిన్ పై స్థాయి నాదమే, హార్మోనిక్‌కు ఉండే ఆ బోలుతనం రాదు. దానికి హార్మోనిక్స్ విడిగా రికార్డు చేసిన లైబ్రరీ ఉంటే మేలు. 4వ వెర్షన్ నుంచి విఎస్‌టి ఇన్‌స్ట్రుమెంట్లు, అంటే బయటి సౌండ్ ప్లగిన్లు, పెట్టుకునే వీలుంది కాబట్టి ఆ స్వరాలు మాత్రమే ఇంకో స్టాఫ్‌లో రాసి దానికి లైబ్రరీ తగిలించుకోవచ్చు, ఆ స్టాఫ్‌ను స్కోర్‌లో దాచేయవచ్చు. డెమో పోవాల్సిన పని అయితే ఈ దారే నయం. వాయిస్‌ల గొడవ ఉండదు, పార్ట్ శుభ్రంగా ఉంటుంది.

నేచురల్ హార్మోనిక్స్ రాయడం తేలికనుకుంటాం గానీ అసలు గందరగోళం అక్కడే. స్వరం మీద చిన్న సున్నా పెడితే చాలు, ఆ గుర్తు ప్యాలెట్‌లో ఉంది. కానీ సున్నా కింద ఉన్న స్వరం పలికే స్వరమా, తాకే చోటా? తీగకు సగంలో తాకేదయితే రెండూ ఒకటే, ఇబ్బంది లేదు. మూడో వంతులో తాకేది తీసుకోండి. వయొలిన్ జి తీగ మీద డి దగ్గర తాకితే పలికేది పై స్థాయి డి. కింది డి మీద సున్నా పెట్టి వదిలేస్తే సెషన్‌లో లీడర్ వయొలినిస్టు తల ఎత్తి అడుగుతారు, "సార్, ఇది వేలు పెట్టేదా, వినిపించేదా?" అని. ఆ ప్రశ్న రాకుండా రాయడమే మన పని. తాకే చోటు రాస్తే డైమండ్‌తో రాయండి, పైన సుల్ జి (జి తీగ మీద) అని వేయండి. పలికే స్వరం రాస్తే మామూలు నోట్‌హెడ్ మీద సున్నా, ఏ తీగో రోమన్ అంకెతో. ఒక పీస్‌లో రెండు పద్ధతులూ కలపకండి. డబుల్ బాస్ అయితే ఇంకా జాగ్రత్త, ఆ వాయిద్యం రాసినదానికంటే ఒక స్థాయి కింద పలుకుతుంది, హార్మోనిక్స్ దగ్గరికొచ్చేసరికి కొందరు నిజంగా పలికే స్థాయిలోనే రాస్తారు, కొందరు మామూలుగా ఒక స్థాయి పైన రాస్తారు. స్కోర్ మొదటి పేజీలో ఒక్క వాక్యం రాసిపెడితే అందరికీ సుఖం.

ఇక్కడ మ్యూజ్‌స్కోర్‌కు ఒక మంచి మార్కు వేయాలి. నేచురల్ హార్మోనిక్స్‌లో అయిదో వంతులో తాకితే వచ్చే స్వరం పియానో గాంధారం కంటే 14 సెంట్లు (సెంటు అంటే సెమిటోన్‌లో నూరో వంతు) కింద ఉంటుంది. మంద్ర షడ్జం తీగను బాగా శ్రుతి చేసిన తంబురాలో వినిపించే అంతర గాంధారం ఇదే. జి తీగ మీద అయితే బి, 988 హెర్ట్జ్ దగ్గర కాకుండా 980 దగ్గర. దాచిన స్వరానికి ప్రాపర్టీస్‌లో ట్యూనింగ్ గడిలో మైనస్ 14 అని కొడితే సరిగ్గా అదే వినిపిస్తుంది. కింద సింథ్ ప్యాడ్ పట్టుకుని ఉన్నప్పుడు ఈ 14 సెంట్లు నిజంగా రాపిడి పెడతాయి, ఆ సంగతి రికార్డింగ్‌కు ముందే వినగలగడం చాలా ఉపయోగం. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రతి స్వరానికీ ఇంత సూక్ష్మంగా శ్రుతి మార్చుకునే వీలు ఉండటం నాకు బాగా నచ్చిన విషయం.

డోరికో సంగతి వేరు. 2012లో సిబేలియస్ అనే ఇంకో నొటేషన్ సాఫ్ట్‌వేర్ లండన్ ఆఫీసు మూతపడ్డాక ఆ టీమ్‌ను స్టైన్‌బర్గ్ కంపెనీ తీసుకుంది, వాళ్ళు మొదటి నుంచి కొత్తగా రాసి 2016లో డోరికో విడుదల చేశారు. అందులో హార్మోనిక్ అనేది నోట్‌హెడ్ ఆకారం కాదు, స్వరానికి ఉండే లక్షణం. స్వరం ఎంచుకుని ప్రాపర్టీస్‌లో నేచురలా ఆర్టిఫిషియలా చెబుతారు, ఎన్నో పార్షియలో (తీగ ఎన్ని ముక్కలుగా కంపించాలో) చెబుతారు. ఆర్టిఫిషియల్ అయితే డైమండ్ దానంతట అదే సరైన దూరంలో, సరైన ఫ్లాట్‌తో, ఖాళీగా వచ్చి కూర్చుంటుంది. ప్లే చేస్తే పలికే స్వరమే వినిపిస్తుంది. పైన నేను మ్యూజ్‌స్కోర్ గురించి చెప్పిన పనిలో ముప్పావు వంతు ఇక్కడ అవసరమే లేదు. పేజీల కొద్దీ హార్మోనిక్స్ రాసేవాళ్ళకు, స్వరం మార్చి మార్చి ప్రయోగాలు చేసేవాళ్ళకు ఇది చాలా పెద్ద తేడా, ఎందుకంటే నొక్కిన స్వరాన్ని ఒక మెట్టు పైకి జరిపితే డైమండ్, శబ్దం అన్నీ దానితోనే జరుగుతాయి. మ్యూజ్‌స్కోర్‌లో దాచిన వాయిస్‌ను కూడా గుర్తు పెట్టుకుని జరపాలి, జరపకపోతే కాగితం ఒకటి చెబుతుంది, స్పీకర్ ఇంకొకటి చెబుతుంది. డోరికో పూర్తి వెర్షన్ ధర మాత్రం ఐదు వందల డాలర్లకు పైనే. ఉచిత వెర్షన్ ఉంది, అందులో వాయిద్యాల సంఖ్యకు పరిమితి ఉంటుంది. అయినా ఒకసారి దించుకుని ఈ పద్ధతి ఎలా ఉంటుందో చూడటం మంచిదే.

టైప్ చేసి రాసే అలవాటు ఉన్నవాళ్ళకు లిలీపాండ్ కూడా ఉంది, అదీ ఉచితమే. కార్డ్‌లో రెండు స్వరాలు రాసి పై స్వరం పక్కన బ్యాక్‌స్లాష్ హార్మోనిక్ అని కొడితే ఖాళీ డైమండ్ వస్తుంది, క్వార్టర్ నోట్ అయినా ఖాళీగానే. చుక్క ఉన్న స్వరాలకు డైమండ్ పక్కన చుక్క వేయదు, కావాలంటే దానికి విడిగా ఒక సెట్టింగ్ ఉంది. ఇంత చిన్న విషయం కూడా ఆలోచించి పెట్టారంటే రాసినవాళ్ళకు నొటేషన్ మీద ఎంత ప్రేమో అర్థమవుతుంది. నేచురల్ హార్మోనిక్ సున్నాకు ఫ్లాజియోలెట్ అని ఇంకో మాట. చూపుకు దీన్ని మించింది లేదు, కానీ వింటూ రాసుకునేవాళ్ళకు నప్పదు. ఫినాలే అనే పాత నొటేషన్ సాఫ్ట్‌వేర్ గురించి ఇప్పుడు చెప్పుకోనక్కర్లేదు, 2024 ఆగస్టులో దాన్ని తయారుచేసే మేక్‌మ్యూజిక్ దాని అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

ఫినాలే నుంచి వచ్చేవాళ్ళు మాత్రం ఒకటి గమనించుకోవాలి. ఫైళ్ళు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పోయేది మ్యూజిక్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ ద్వారా. ఆ ఫార్మాట్‌లో హార్మోనిక్స్‌కు చక్కటి ఏర్పాటు ఉంది, నేచురలా ఆర్టిఫిషియలా చెప్పడానికి, ఇది నొక్కిన స్వరం, ఇది తాకే చోటు, ఇది పలికే స్వరం అని మూడింటినీ విడివిడిగా గుర్తించడానికి. పాత ఫైల్‌లో డైమండ్ ఒట్టి ఆకారంగానే ఉంటే అవతలి వైపుకు కూడా ఆకారంగానే వెళ్తుంది. ఫైల్ తెరుచుకుంది కదా అని ధీమాగా ఉండకుండా హార్మోనిక్స్ ఉన్న బార్లన్నీ ప్లే చేసి వినండి. మ్యూజ్‌స్కోర్ ఓపెన్ సోర్స్ కాబట్టి అక్కడ హార్మోనిక్‌ను స్వరానికి లక్షణంగా చేర్చడానికి దారి మూసుకుపోలేదు. నా మటుకు వచ్చే వెర్షన్లలో అన్నిటికంటే ముందు రావాల్సింది అదే. కొత్త సౌండ్ లైబ్రరీల కంటే ముందు.

మరి ఎవరు ఏది తీసుకోవాలి? కాలేజీలో చదువుతూ రాస్తున్నవాళ్ళు, పాటకు నాలుగైదు బార్ల హార్మోనిక్స్ మాత్రమే రాసేవాళ్ళు నిశ్చింతగా మ్యూజ్‌స్కోర్‌తో ఉండండి, ఆ డబ్బుతో మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కోండి. నెలకు రెండు మూడు సినిమాల స్ట్రింగ్స్ చేసేవాళ్ళయితే డోరికో ధర త్వరగానే తిరిగొస్తుంది. బుడాపెస్ట్‌లోనో స్కోప్యేలోనో ఆర్కెస్ట్రాతో రికార్డింగ్ పెట్టుకుంటే ఇంకా తొందరగా. అక్కడ పార్ట్ వాళ్ళ చేతికి అప్పుడే మొదటిసారి వస్తుంది, గంటల లెక్కన డబ్బు నడుస్తుంటుంది, మీరు హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో వింటుంటారు, మధ్యలో సందేహం వస్తే అది అటు తిరిగి ఇటు తిరిగి మీ దాకా రావాలి. ఏ సాఫ్ట్‌వేర్‌లో రాసినా పార్ట్ పంపే ముందు వయొలిన్ వాయించే ఒక్కరికి ఆ బార్లు వాట్సాప్‌లో పంపి, వాయించి రికార్డు చేసి పెట్టమని అడగండి. అడిగితే కాదనేవాళ్ళు తక్కువే.